క్యూ1 మ్యాక్స్ కొనాలా, క్యూ2 మ్యాక్సా?

కీక్రాన్ వాళ్ల ఈ రెండు కీబోర్డులకూ అల్యూమినియం బాడీ ఉంటుంది. బ్లూటూత్‌తో 3 పరికరాలకు కలుపుకోవచ్చు, 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ రిసీవర్ కూడా వస్తుంది. కీల కింది స్విచ్‌లు టంకం లేకుండానే మార్చుకోవచ్చు. రెండూ బరువే, రోజూ బ్యాగులో మోయలేం.

అసలు తేడా పై వరుసలో ఉంది. క్యూ1లో ఎఫ్ కీలు విడిగా ఉంటాయి. క్యూ2లో ఆ వరుస లేదు, ఎఫ్5 కావాలంటే ఎఫ్ఎన్ (ఫంక్షన్) కీల్లో ఒకదానితో కలిపి 5 నొక్కాలి. ఎక్సెల్‌లో ఎఫ్2, కోడ్ డీబగ్ చేసేటప్పుడు ఎఫ్10 పదేపదే వాడేవాళ్లకు ఇది విసుగే.

ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో తెలుగు టైప్ చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. 1 అంకెకు ఎడమనున్న కీతోనే ‘ఒ’, ఒత్వం వస్తాయి. క్యూ2లో ఆ చోట ఎస్కేప్ ఉంటుంది. కీలు మార్చే వయా సాఫ్ట్‌వేర్‌లో దీన్ని మార్చుకోవచ్చు కానీ, అప్పుడు ఎస్కేప్ వేరే చోటికి పోతుంది; మార్చకపోతే ‘కొత్త’, ‘పొలం’ రాసే వేళ్లకు పాత అలవాటు పోవాలి కదా! అందుకే తెలుగు రాసేవాళ్లకు నేను క్యూ1నే చెబుతాను. టేబుల్ మరీ ఇరుకైతేనే క్యూ2.