పైప్‌లైన్ ఫ్లెక్స్: పెద్ద అన్యూరిజానికి మంచి పరికరం, మాత్రలు మానకుంటేనే

మెదడు రక్తనాళం మీది ఉబ్బు 10 మి.మీ. దాటితే పెద్ద అన్యూరిజం, 25కి చేరితే జెయింట్. ఉబ్బు సంచిలో కూరే సన్నని లోహపు చుట్టలు, అంటే కాయిల్స్, వీటికి చాలవు. ఎంత కూరినా సంచిలో మూడో వంతు నిండడమే కష్టం. రక్తం తాకిడికి ఆ చుట్టలు అణిగి, సంచి మెడ (అది నాళంతో కలిసే మూతి) దగ్గర మళ్లీ దారి పడుతుంది. మెడ్‌ట్రానిక్ వారి పైప్‌లైన్ పని చేసేది సంచిలో కాదు, అసలు నాళంలో. మెడకు అడ్డంగా సన్నని అల్లిక గొట్టంలా పరుచుకుంటుంది.

ఆ అల్లికలో 48 పోగులు: 36 కోబాల్ట్-క్రోమియంవి, ఎక్స్‌రేలో బాగా కనబడేందుకు 12 ప్లాటినం-టంగ్‌స్టన్‌వి. సరిగ్గా విచ్చుకుంటే పరుచుకున్న చోట సుమారు 30 శాతం మేర లోహం కప్పుతుంది. సంచిలోకి రక్తం జోరు తగ్గి, నెలల మీద గడ్డకట్టి, అల్లిక మీద కొత్త పొర పెరుగుతుంది. కంటికి వెళ్లే కొమ్మలాంటివి మాత్రం చాలావరకు తెరిచే ఉంటాయి. ఎందుకంటే ఆ కొమ్మ అవతల రక్తాన్ని అందుకునే కణజాలం ఉంది, సంచికి అవతల ఏమీ లేదు.

2011లో పాత రకం పైప్‌లైన్‌కు అమెరికా అనుమతికి ఆధారమైన పఫ్స్ అధ్యయనంలో 6 నెలలకు 73.6 శాతం అన్యూరిజాలు పూర్తిగా మూసుకున్నాయి. 5 ఏళ్లకు యాంజియోగ్రామ్ తీసినవాటిలో ఇది 95.2 శాతం. పెద్ద స్ట్రోక్ లేదా నాడీ కారణంగా మరణం 5.6 శాతం మందికి. కుటుంబానికి ఈ అంకె కూడా చెప్పి తీరాలి.

అమర్చడంలో అసలు చిక్కు కొలతే. పరికరాన్ని మోసుకెళ్లే 0.027 అంగుళాల సన్నని గొట్టం, మైక్రోకాథెటర్, మెడ దాటి ముందుకు వెళ్లాలి. జెయింట్ సంచిలో అది లోపలే చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టు లాగి సరిచేయకుండా పరికరం వదలకూడదు. అల్లిక విచ్చుకునేకొద్దీ పొడవు తగ్గుతుంది కాబట్టి మెడకు అటూ ఇటూ బాగున్న నాళంలో కనీసం 3 మి.మీ. ఆనాలి. పొట్టిదైతే కింది కొస జారి సంచిలో పడుతుంది. లావెక్కువైతే సాగి కన్నాలు పెద్దవై లోహం కప్పే మేర తగ్గుతుంది. వంపులో గోడకు ఆనకపోతే అక్కడ గడ్డలు పుడతాయి, బెలూన్‌తో తెరవాలి. పాత రకం కంటే ఫ్లెక్స్ మెరుగు ఇక్కడే: పూర్తిగా వదిలేయకముందు దాన్ని మళ్లీ కాథెటర్ లోపలికి లాక్కోవచ్చు. అయితే రెండుసార్లకు మించితే కొసలు దెబ్బతినవచ్చు.

తర్వాత భారమంతా అల్లిక మీద గడ్డలు పుట్టకుండా చూసే మాత్రలదే. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ ప్రక్రియకు ముందే మొదలుపెట్టాలి. మన జనంలో క్లోపిడోగ్రెల్ సరిగా పనిచేయనివారు తక్కువేం కాదు. ప్లేట్‌లెట్ పరీక్షలో ఆ సంగతి తేలితే అదే పని చేసే మరో మాత్ర టికాగ్రెలార్‌కు మార్చాలి. పన్ను పీకించుకోవడానికని ఎవరో ఆపమంటే ఆపేయొద్దు. ముందు పరికరం వేసిన డాక్టర్ని అడగండి.

పగిలిన అన్యూరిజానికి ఇది మొదటి ఎంపిక కాదు, ఆ రక్తస్రావంలో ఈ మాత్రలే ప్రమాదం. బాగా పెద్ద సంచుల్లో తర్వాత పగిలే ముప్పు తగ్గించాలని కొందరు వదులుగా కొన్ని కాయిల్స్ కూడా వేస్తారు. సంచి కంటి నరాన్ని నొక్కుతుంటే ఆ ఒత్తిడి వెంటనే తగ్గదు. గడ్డకట్టే మొదటి వారాల్లో తలనొప్పి పెరగవచ్చు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.