50 న్యూటన్ల జాకెట్, 92 కిలోల మనిషి

నీళ్లలో తేలడానికి వేసుకునే జాకెట్ ఒకటి కొన్నాను. పెట్టె విప్పి లేబుల్ చూడగానే మోసపోయాననుకున్నాను. 50 న్యూటన్లు అని ఉంది. అంటే ఇంచుమించు 5 కిలోల బరువును పైకి ఎత్తగలదు. నేనేమో 92 కిలోలు. వాపస్ పంపేద్దామనుకుంటే మా ఆవిడ, "ముందు నీళ్లలో దిగి చూడండి, తర్వాత తిడుదురుగాని" అంది.

దిగాను. గడ్డం దాకా మునిగి అక్కడే ఆగిపోయాను. కాళ్లకి నేల అందట్లేదు, అయినా తేలుతున్నాను!

మనం ఎంత నీటిని పక్కకి నెడితే, అంత నీటి బరువుకి సమానంగా నీరు మనల్ని పైకి తోస్తుంది. బడిలో ఉత్ప్లవనం అని బట్టీ పట్టింది ఇదే. మన ఒంటి సాంద్రత దాదాపు నీటి సాంద్రతే కాబట్టి మునిగిన ఒళ్లంతటినీ నీరే మోస్తుంది. చిక్కంతా తలతోనే. ఊపిరి కోసం దాన్ని బయట పెట్టగానే దాని బరువు మోసేవాళ్లు ఉండరు. జాకెట్ మోయాల్సింది ఆ నాలుగైదు కిలోలనే. పైగా కొవ్వు నీటికన్నా తేలిక. నా పొట్ట పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే.

అనుమానం తీరక ఒక పరీక్ష కూడా పెట్టాను. 5 లీటర్ల క్యాన్ నిండా నీళ్లు పోసి జాకెట్‌కి వేలాడదీశాను. చెక్కుచెదరలేదు. ఆహా అనుకునేలోపే మా అబ్బాయి పగలబడి నవ్వాడు: "నీళ్లలో నీళ్లకి బరువేంటి నాన్నా!" పరువు పోయింది. తర్వాత 5 కిలోల ఇనుప డంబెల్ కడితే తేలింది. ఇంకో కిలో ఇనుము తగిలించగానే మెల్లగా కిందికి దిగిపోయింది. ఇనుము కూడా కొంత నీటిని నెడుతుంది కదా, ఆ 6 కిలోలు నీళ్లలో సుమారు 5.2 కిలోలే తూగుతాయి. లెక్క సరిపోయింది, లేబుల్ నిజమే చెప్పింది.

జిప్పు ప్లాస్టిక్‌ది, తుప్పు భయం లేదు. కానీ కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఇవ్వలేదు. ఈత కొడుతుంటే జాకెట్ చెవుల దాకా ఎగబాకుతోంది, గంటలో పదిసార్లు కిందికి లాక్కోవాల్సి వచ్చింది. దీనికే ఒకటిన్నర స్టార్ కోశాను.

అమ్మేవాళ్లు "అందరికీ సురక్షితం" అని రాశారు, అది మాత్రం తప్పు. 50 న్యూటన్లవి ఈత వచ్చినవాళ్లకి, ఒడ్డు దగ్గర వాడడానికి. స్పృహ తప్పితే ఇది మనిషిని వెల్లకిలా తిప్పదు, ముఖం నీళ్లలోనే ఉండిపోవచ్చు. నేను నేర్చుకుంటున్నాను గానీ మా కోచ్ పక్కనే ఉంటాడు. ఈత రానివాళ్లు కనీసం 100ది చూసుకోవాలి, సముద్రంలో దూరం వెళ్లేవాళ్లయితే 150ది.

ఇంకోటి, దీనిమీద కూర్చోకండి. లోపలి నురుగు అణిగిపోతే తేల్చే శక్తి తగ్గుతుంది. మా అబ్బాయి వారంగా దీన్నే దిండుగా వాడుతున్నాడని నిన్ననే తెలిసింది. డంబెల్ మళ్లీ కట్టి చూడాలి.