నాయన స్పీకర్లకు బఠాణీ గింజంత పుట్టీ

2024 డిసెంబరు 4 పొద్దున్నే ఖమ్మం నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఇప్పుడే భూమి కదిలింది, వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి" అన్నాడు. ములుగు దగ్గర వచ్చిన ఆ భూకంపం తీవ్రత 5.3. ఫోన్ పెట్టేయగానే నా చూపు హాల్లో ఉన్న నాయన స్పీకర్ల మీదికే పోయింది. ఒక్కోటి ఆరు కిలోలు. నడుమెత్తు ఇనప స్టాండ్ల మీద ఊరికే కూర్చోబెట్టి ఉన్నాయి. నాయన పోయాక మాకు మిగిలింది అవీ, ఆయన కొన్న అన్నమయ్య కీర్తనల రికార్డులూ.

ఆ వారమే ఆన్‌లైన్‌లో మ్యూజియం పుట్టీ తెప్పించాను, 450 రూపాయలు. మ్యూజియాల్లో బొమ్మలు, కుండలు దొర్లిపోకుండా అడుగున పెట్టేది ఇదే. చపాతీ పిండిలా వేళ్ల మధ్య బాగా పిసికి, బఠాణీ గింజంత ఉండలు చేసి, దుమ్ము తుడిచిన స్పీకర్ అడుగున నాలుగు మూలలా పెట్టి గట్టిగా నొక్కాను. మర్నాడు పక్కకు తోసి చూస్తే స్పీకర్ జరగలేదు, స్టాండుతో సహా ఊగింది.

అప్పుడు అర్థమైంది. స్టాండే ఒరిగితే రెండూ కలిసి పడతాయి. అందుకని స్టాండు గొట్టాల్లో ఇసుక నింపాను. స్వర్ణముఖి ఇసుకే, జల్లించి మిద్దె మీద రెండు రోజులు ఎండబెట్టాను. తడి ఉంటే లోపల తుప్పు పడుతుంది. ఇప్పుడు పిల్లలు పరుగెత్తుతూ తగిలినా స్టాండు నిలబడుతోంది, బాస్ కూడా బిగువుగా వినిపిస్తోంది.

ఆంప్లిఫయర్‌ను కింది అరలోకి దించి, ర్యాకును గాంధీ రోడ్డులో కొన్న ఎల్ క్లాంపులతో గోడకు బిగించాం. టర్న్‌టేబుల్ కాళ్ల కింద మాత్రం పుట్టీ పెట్టొద్దు. ఆ రబ్బరు కాళ్లు ఉన్నదే అదురు పీల్చుకోవడానికి.

ఒక్క విషయంలో మాత్రం కోపం వచ్చింది. ప్యాకెట్ మీద 'మరకలు పడవు' అని ఉంది. మే నెల ఎండలకు పుట్టీ మెత్తబడి, ఒక మూల నుంచి చెక్క పాలిష్ మీదికి నూనె మరక పాకింది. నాయన వారానికోసారి పాత పంచె ముక్కతో తుడిచిన చెక్క అది. చాలా బాధేసింది. మీరైతే ముందు అడుగున మధ్యలో చిన్న ఉండ పెట్టి, వారం చూసి వాడండి. తీసేటప్పుడు పైకి లాగకుండా స్పీకర్‌ను మెల్లగా మెలితిప్పండి, వచ్చేస్తుంది. అంటుకున్న ముక్కలను ఇంకో ఉండతో అద్ది తీయొచ్చు.

జూన్‌లో పాతవి తీసేసి కొత్త ఉండలు పెట్టాను. ప్యాకెట్‌లో ఇంకా సగం ఉంది.