కణ శ్వాసక్రియ నమూనా కిట్: చక్రం అద్భుతం, పుస్తకంలో రెండు తప్పులు

కణాలు ఆహారం నుంచి శక్తిని రాబట్టే ప్రక్రియ అయిన కణ శ్వాసక్రియను బోధించడానికి తెప్పించుకున్న ఈ నమూనా కిట్‌ను మూడు తరగతుల్లో వాడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. పెట్టెలో మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే భాగం) అడ్డుకోత నమూనా, కార్బన్ పరమాణువులకు ఆరు నల్ల పూసలు, ఏటీపీకి (కణంలో శక్తిని మోసే అణువు) పసుపు పూసలు, చేత్తో తిప్పే చిన్న చక్రం, వివరణ పుస్తకం ఉన్నాయి.

వీటన్నిటిలో విలువైనది ఆ చక్రమే. మైటోకాండ్రియా లోపలి త్వచానికి అవతల పోగైన ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా మాత్రికలోకి (ఆ త్వచం లోపలి భాగంలోకి) తిరిగి వస్తున్నప్పుడు ఆ ఎంజైములోని ఒక భాగం నిజంగానే గిర్రున తిరుగుతుందనీ, ఒక పూర్తి చుట్టుకు మూడు ఏటీపీ అణువులు తయారవుతాయనీ ఎంత వివరించినా విద్యార్థుల ఊహకు అందేది కాదు. ఇక్కడ పిడిని ఒక్క చుట్టు తిప్పగానే మూడు పసుపు పూసలు టకటకా గిన్నెలో పడతాయి. పీటర్ మిచెల్ 1961లో ప్రోటాన్ల ప్రవాహంతో ఏటీపీ తయారవుతుందన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించినప్పుడు తోటి శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది అదే. అంతటి విషయాన్ని పిల్లల చేతికి అందించినందుకు తయారీదారులను మనసారా అభినందిస్తున్నాను.

నల్ల పూసలూ బాగా పనికొచ్చాయి. కణద్రవ్యంలో గ్లూకోజు మూడేసి కార్బన్లున్న రెండు పైరువేట్‌ అణువులుగా విడిపోయాక, ఆరు కార్బన్లలో రెండు క్రెబ్స్ వలయానికి (మాత్రికలో జరిగే చర్యల చక్రానికి) ముందే, మిగతా నాలుగు ఆ వలయంలో కార్బన్ డయాక్సైడుగా బయటపడడాన్ని పూసలు తీస్తూ చూపవచ్చు.

పుస్తకం మాత్రం నిరాశపరిచింది. అందులోని పటంలో ఆక్సిజన్ బాణం నేరుగా క్రెబ్స్ వలయంలోకి వెళ్తుంది, ఇది తప్పు. మనం పీల్చిన ఆక్సిజన్, లోపలి త్వచంలో ఎలక్ట్రాన్లను ఒకదాన్నుంచి మరోదానికి అందించే ప్రోటీన్ల వరుస అయిన ఎలక్ట్రాన్ రవాణా గొలుసు చివర ఎలక్ట్రాన్లను, ప్రోటాన్లను స్వీకరించి నీరుగా మారుతుంది. కార్బన్ డయాక్సైడులో ఉన్నది ఆ ఆక్సిజన్ కాదు. ఒకసారి మనసులో నాటుకున్న ఈ పొరపాటును తొలగించడం ఎంత కష్టమో బోధించేవారికి తెలుసు. ఒక గ్లూకోజు అణువుకు 38 ఏటీపీలు వస్తాయన్న పాత లెక్కనే ఇచ్చారు. ఇప్పుడు అంగీకరిస్తున్న అంచనా సుమారు 30 నుంచి 32.

అయినా చక్రం కోసమైనా ఈ కిట్ కొనదగినదే. నేను ఆ బాణం మీద తెల్ల కాగితం అంటించి, సరైన బాణాన్ని లోపలి త్వచం దగ్గర గీసి వాడుతున్నాను. రెండు సవరణలనూ తయారీదారులకు రాసి పంపాను.