బెత్తెడు నీళ్ళు చాలు: మూడు వేసవులు వాడిన గాలి టబ్బు

చిన్న పిల్లలున్న ఇంట్లో గాలి కొట్టే నీళ్ళ టబ్బు కొనాలా వద్దా, కొంటే ఎంత సైజుది కొనాలి అని ఆలోచిస్తున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మా ఇంట్లో టబ్బుకి ఇది మూడో వేసవి. కొన్నప్పుడు పాపకి నాలుగేళ్ళు, బాబు ఇంకా గోడ పట్టుకుని అడుగులేస్తున్నాడు. ఇప్పుడు పాపకి ఆరు, బాబుకి మూడు. ఒక వేసవి వాడి రాసుంటే అంతా మెచ్చుకోలే ఉండేది. మూడు వేసవులయ్యాక దీని మంచీ చెడూ రెండూ తెలిశాయి.

మాది గుండ్రటి టబ్బు. అడ్డంగా కొలిస్తే 150 సెంటీమీటర్లు, నీళ్ళు నిలిచే లోతు 25. ఒకదాని మీద ఒకటి మూడు గాలి చుట్లు, కూర్చుంటే మెత్తగా ఉండడానికి అడుగున ఇంకో గాలి పొర. ప్రతి చుట్టుకీ విడిగా వాల్వు ఉంది. కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. ఒక చుట్టుకి చిల్లు పడినా మిగతా రెండూ నిలబడతాయి, ఆ పూటకి ఆట ఆగదు. మాకు రెండుసార్లు అలాగే గడిచింది.

మొదటి రోజు మేము చేసిన పొరపాటు, టబ్బు నిండా నీళ్ళు పోయడం. లెక్క వేస్తే దాదాపు 440 లీటర్లు. లీటరు నీళ్ళ బరువు కిలో కాబట్టి నాలుగు క్వింటాళ్ళ పైమాటే. నిండడానికే ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా పాప ఒడ్డునే గెంతుతూ ఉంది. తీరా దిగాక పది నిమిషాలు కూడా ఉండలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, కూర్చుంటే ఛాతీ దాకా వస్తున్నాయి, పడుకుందామంటే భయం. బాబు సంగతి సరేసరి, నా మెడ వదల్లేదు.

మర్నాడు ట్యాంకులో నీళ్ళు తక్కువగా ఉన్నాయని కొంచెమే పోశాం. బెత్తెడు కంటే కాస్త ఎక్కువ, 10 సెంటీమీటర్లు ఉంటుందేమో. అంటే 175 లీటర్ల చిల్లర. ఆ రోజు ఆట ఎలా మారిపోయిందో చూడాలి! పాప బోర్లా పడుకుని చేతుల మీద పాకుతూ టబ్బంతా తిరిగింది. బాబు చతికిలబడి అరచేత్తో నీళ్ళని కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టడం, మొహాన చిమ్మితే కళ్ళు మూసుకోవడం, తెరిచి నావైపు చూడడం, మళ్ళీ కొట్టడం. గంట దాటినా బయటికి రానన్నారు. ఆ తర్వాత ఈ మూడేళ్ళలో టబ్బుని ఒక్కసారి కూడా నిండా నింపలేదు. పెద్ద టబ్బు, ఎక్కువ నీళ్ళు అంటే ఎక్కువ ఆనందం అనుకుని సైజు పెంచుకుంటూ పోకండి. అయిదేళ్ళ లోపు పిల్లలకి జానెడు నీళ్ళ కంటే బెత్తెడు నీళ్ళే ఎక్కువ ఆట.

అలాగని బెత్తెడు నీళ్ళంటే ప్రమాదం లేదనుకోకూడదు. పసిపిల్లలు మునగడానికి 5 సెంటీమీటర్ల నీళ్ళు కూడా చాలు. ఈ మాట నాకు ముందే తెలుసు, కానీ మొదటి వేసవిలోనే కళ్ళారా చూశాను. ఫోన్ మోగితే ఎవరా అని చేతిలోకి తీసుకున్నాను. టబ్బుకి రెండడుగుల దూరంలోనే ఉన్నాను. పేరు చదివి తల తిప్పేసరికి బాబు బోర్లా పడి ఉన్నాడు, మొహం నీళ్ళలో ఉంది. చప్పుడు లేదు. ఏడుపు లేదు. కాళ్ళు మాత్రం కొట్టుకుంటున్నాయి. లాగి ఎత్తుకున్నాక దగ్గాడు, ఆ తర్వాత ఏడ్చాడు. వాడికి ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మునిగే పిల్లలు అరుస్తారనీ చేతులు ఊపుతారనీ మనం ఎదురుచూస్తాం. మొహం నీళ్ళలో ఉన్న పసివాడు అరవలేడు. అప్పటినుంచీ టబ్బు దగ్గరికి ఫోన్ తీసుకెళ్ళడం మానేశాను. చెయ్యి చాస్తే పిల్లవాడు అందేంత దగ్గరగా పెద్దవాళ్ళు ఒకరు కూర్చోవాలి. ఆ మనిషి లేవాలంటే పిల్లలు ముందు బయటికి రావాలి. తువ్వాలు మర్చిపోయినా సరే, తలుపు కొట్టినా సరే. ‘తమ్ముణ్ణి చూస్తూ ఉండు’ అని పాపకి అప్పజెప్పడం అసలే వద్దు, ఆ వయసు పిల్ల మీద పెట్టే బరువు కాదది.

ఆట అయిన వెంటనే నీళ్ళు వదిలేసి టబ్బుని బోర్లించి పెడతాం. మేము చూడనప్పుడు పిల్లలు వచ్చి దిగుతారన్న భయం ఒకటి, దోమలు ఇంకొకటి. నిలవ నీళ్ళలో దోమ గుడ్లు పెడితే ఎండాకాలంలో వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. పైగా ఈత కొలనులో లాగా ఇందులో క్లోరిన్ ఉండదు. చిన్న పిల్లలు నీళ్ళలోనే ఒంటేలు పోస్తారు, మట్టి కాళ్ళతో దిగుతారు. కాబట్టి ఏ రోజు నీళ్ళు ఆ రోజే. వృథా అని బాధ ఉంటుంది. అందుకే మేము టబ్బుని మొక్కల పక్కనే పెట్టి, ఆట అయ్యాక పిల్లల చేతనే మగ్గులతో మొక్కలకి పోయిస్తాం. నిజం చెప్పాలంటే బాబుకి టబ్బులో కూర్చోవడం కంటే ఈ పనే ఎక్కువ ఇష్టం. ఒక్కో మొక్క దగ్గర నిలబడి ‘తాగు, తాగు’ అంటాడు. మగ్గులో సగం నీళ్ళు దారిలోనే కాళ్ళ మీద ఒలికిపోతాయి. ఖాళీ మగ్గుతో మళ్ళీ వెనక్కి పరుగు.

ఇక గాలి సంగతి. నోటితో ఊదడం పెట్టుకోకండి, కళ్ళు తిరుగుతాయి. కాలితో తొక్కే పంపుతో నాకు పది పన్నెండు నిమిషాలు పడుతుంది. గాలి కొట్టేటప్పుడు వాల్వు మెడని రెండు వేళ్ళతో కొద్దిగా నొక్కి పట్టుకుంటే లోపలి రేకు తెరుచుకుని గాలి తేలిగ్గా వెళ్తుంది. బిరడా పెట్టాక వాల్వుని లోపలికి నొక్కేయాలి, లేకపోతే పిల్లల తొడలకి గీరుకుంటుంది. చుట్లని రాయిలా గట్టిపడేదాకా కొట్టకూడదు. ఎండకి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అతుకుల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయేంత మెత్తగా వదిలేయాలి. సాయంత్రం చల్లబడ్డాకో చల్లటి నీళ్ళు పోశాకో టబ్బు కాస్త వడలినట్టు కనబడుతుంది. అది పంక్చర్ కాదు, గాలి చల్లబడి కుంచించుకోవడం అంతే. మొదటి వేసవిలో నేను ఇది తెలియక లేని చిల్లు కోసం రెండు రోజులు వెతికాను.

ఉన్న చిల్లుని పట్టుకోవడం మాత్రం మా పిల్లలకి ఒక పండగ. సబ్బు నీళ్ళు గిలకొట్టి, పాత బ్రష్షుతో చుట్టు మీద రాసుకుంటూ పోతాం. నలుగురం నాలుగు వైపులా మోకాళ్ళ మీద కూర్చుని చూస్తాం. పోయిన వేసవిలో పాప కనిపెట్టింది. అతుకు పక్కన ఆవగింజంత బుడగ లేచింది. అది కదలకుండా నిలబడి, మెల్లగా కందిగింజంత అయింది, దాని పక్కన ఇంకోటి. పాప ఊపిరి బిగబట్టి ‘అమ్మా, ఇక్కడ టబ్బు ఊపిరి తీసుకుంటోంది’ అంది గుసగుసగా, గట్టిగా మాట్లాడితే బుడగ పగిలిపోతుందన్నట్టు. పెన్నుతో చుట్టూ గుండ్రంగా గీత గీయించాను.

అతుకు వేసేటప్పుడు గాలి మొత్తం తీసేసి, ఆ చోటుని శుభ్రంగా తుడిచి, తడి లేకుండా ఆరబెట్టాలి. ప్యాచ్ ముక్కని మూలలు లేకుండా గుండ్రంగా కత్తిరించుకోవాలి, మూలలుంటే అక్కణ్ణుంచే లేచిపోతుంది. అతికించాక పైన బరువు పెట్టి ఒక రాత్రంతా వదిలేస్తే గట్టిగా పడుతుంది. సైకిల్ ట్యూబుకి వాడే రబ్బరు ప్యాచ్, ఆ జిగురు దీనికి పనికిరావు. టబ్బు పీవీసీ ప్లాస్టిక్, దానికి తగిన జిగురు, పీవీసీ ముక్కే కావాలి. టబ్బుతో పాటు వచ్చిన ముక్క చాలా చిన్నది, మొదటి చిల్లుకే అయిపోయింది.

ఈ వస్తువులో నాకు నచ్చనిది అడుగు గాలి పొర. మెత్తగా ఉంటుందని ఆశపడి కొన్నాం. బాగున్నది ఒక్క వేసవే. కింద చిన్న రాయి ఉన్నా మొదట దెబ్బ తినేది అదే, చిల్లు పడితే పైన నీళ్ళు, కింద నేల, మధ్యలో ఎక్కడని వెతుకుతాం? రెండో ఏడాది ఒకసారి నీళ్ళున్న టబ్బుని నీడలోకి జరుపుదామని లాగాం. అలా ఎప్పుడూ లాగకండి. అడుగున గీత పడి పొరంతా పోయింది. ఇప్పుడు దాన్ని గాలి లేకుండానే వదిలేసి, టబ్బు కింద పాత దుప్పటి మడత పెట్టి వేస్తున్నాం. అంతే మెత్తగా ఉంది. అయిదు మార్కులకి నేను నాలుగే వేస్తాను, ఆ ఒక్కటీ ఈ పొర దగ్గరే పోయింది.

నీడ గురించి కూడా చెప్పాలి. నీళ్ళలో ఉన్న పిల్లలకి ఎండ తెలియదు, చర్మం మాత్రం కమిలిపోతుంది. పగలు పది నుంచి నాలుగు దాకా మేము టబ్బు జోలికి పోము. నాలుగున్నర తర్వాత, చెట్టు నీడ టబ్బు మీదికి వచ్చాక దింపుతాం. నీళ్ళు మాత్రం రెండు గంటల ముందే పట్టి పెడితే చలి విరుగుతుంది. ఆ రెండు గంటలూ కూడా పిల్లలు ఇంట్లోనే, తలుపుకి గడియ. ఎండలో పడున్న పైపులో ముందు వచ్చే నీళ్ళు చర్మం బొబ్బలెక్కేంత కాగి ఉంటాయి. వాటిని పక్కకి వదిలేసి, చేత్తో పట్టుకు చూశాకే పైపుని టబ్బులో పెట్టాలి. పిల్లల మీదికి నేరుగా పట్టకూడదు.

ఎంతసేపు ఆడనివ్వాలన్న గొడవ మా ఇంట్లో వేళ్ళే తీర్చేశాయి. ఒకరోజు పాప రెండు చేతులూ చాచి చూపించింది. ‘అమ్మా, నా వేళ్ళు అమ్మమ్మ వేళ్ళయిపోయాయి.’ నీళ్ళు పీల్చుకుని చర్మం ఉబ్బడం వల్ల ముడతలు వస్తాయని నేనూ చిన్నప్పటినుంచి అనుకునేదాన్ని. అలా కాదట. నరాలు చెబితే వేళ్ళ చివర రక్తనాళాలు సన్నబడతాయి, లోపల కండ కొంచెం తగ్గి పైచర్మం ముడతలు పడుతుంది. నరం దెబ్బతిన్న వేలు నీళ్ళలో ఎంతసేపు నానినా ముడత పడదని 1930ల్లోనే వైద్యులు గమనించారు. పాపకి ‘నీ ఒళ్ళే వేళ్ళకి చెబుతోంది, తడిలో ఉన్నారు, జాగ్రత్త అని’ అన్నాను. అప్పటినుంచి వేళ్ళు అమ్మమ్మ వేళ్ళయితే ఇంకో పది మగ్గులు పోసుకుని బయటికి రావాలన్నది పాప పెట్టిన రూలు. తమ్ముడి చెయ్యి పట్టుకుని తనే చూస్తుంది. వణుకు వచ్చినా, పెదవులు నీలంగా మారినా మాత్రం పది మగ్గులు కూడా లేవు, ఆ క్షణమే తువ్వాల్లోకి.

దాచిపెట్టడంలో ఒక తప్పు చేశాం. మొదటి వేసవి చివర సరిగ్గా ఆరకుండానే మడిచి అట్టపెట్టెలో పెట్టాం. మళ్ళీ తీసేసరికి మడతల్లో నల్లటి బూజు. సబ్బుతో ఎంత రుద్దినా మచ్చలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నీడలో రెండు రోజులు ఆరేసి, వదులుగా చుట్టి అటక మీద పెడుతున్నాం. ఒకే గీత మీద మళ్ళీ మళ్ళీ మడిస్తే ప్లాస్టిక్ అక్కడే చిట్లుతుంది. కొత్తలో వచ్చే ప్లాస్టిక్ వాసన కూడా గాలికి మూడు నాలుగు రోజులు ఆరేస్తే పోయింది.

బొమ్మలు కొనే పని లేదు. కొన్న తేలే బొమ్మలు వారానికే మూలపడ్డాయి. మూడేళ్ళుగా నిలిచినవి రెండు ప్లాస్టిక్ మగ్గులు, ఒక జల్లెడ, మూత పోయిన డబ్బా. నిన్న సాయంత్రం బాబు జల్లెడతో నీళ్ళు ఎత్తి డబ్బాలో పోయాలని చూస్తున్నాడు. డబ్బా దగ్గరికి వచ్చేసరికి జల్లెడ ఖాళీ. మళ్ళీ ముంచాడు. మళ్ళీ ఖాళీ. అరగంట అదే పని, కోపం లేదు, విసుగు లేదు. చివరికి జల్లెడ కింద రెండో చెయ్యి ఒగ్గి పట్టుకుని, అరచేతిలో మిగిలిన నాలుగు చుక్కలు డబ్బాలో వేసి నావైపు చూశాడు. ఫోన్ లోపలే ఉంది కాబట్టి ఆ మొహం నేను చూడగలిగాను. నన్ను రోజుకో గంట ఇలా కూర్చోబెట్టింది ఈ టబ్బే, అందుకే నాకు దీని మీద ఇంత మమకారం.

పై చుట్టు నిన్నటి నుంచి మళ్ళీ కొంచెం జారుతోంది. రేపు సబ్బు నీళ్ళు కలుపుతాం. ఇది పూర్తిగా పోతే మళ్ళీ ఈ సైజుదే కొంటాను, అడుగున గాలి పొర లేనిది చూసి.