తాండూరు బండల మీద ఆరేళ్లు: జనపనార, జంపఖానా, గొంగడి

చేవెళ్ల దారిలో మాదొక చిన్న పెంకుటిల్లు. కింద తాండూరు బండలు, పైన పాత ఇళ్లు కూల్చినచోట ఏరి తెచ్చుకున్న టేకు దూలాలు. 2019లో గృహప్రవేశం చేశాం. డిసెంబరు తెల్లవారుజామున ఆ బండ మీద కాలు పెడితే ప్రాణం జివ్వుమనేది. తివాచీల వేట అలా మొదలైంది.

మొదట కొన్నది జడలు అల్లి గుండ్రంగా చుట్టిన జనపనార తివాచీ. పల్లెటూరి ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. జూలై ముసురు పట్టగానే తెలిసింది. జనపనార చెమ్మను పీల్చుకుంటుంది, ఒక పట్టాన వదలదు. నీళ్ల గ్లాసు ఒలికిన చోట గోధుమరంగు మచ్చ మిగిలింది. నెల తిరిగేసరికి తడి గోనెసంచి వాసన. రెండో వానాకాలానికి అది మా కుక్క పడక అయింది. దానికి మాత్రం తెగ నచ్చింది. ఎండ తగిలే పొడి గది అయితే సరే, వరండాకు మాత్రం వద్దు.

హనుమకొండలో ఒక పెళ్లికి వెళ్లి, వస్తూ వరంగల్ కొత్తవాడలో ఆగి జంపఖానా, అంటే నూలుతో నేసిన తివాచీ, తెచ్చాను. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు, ఎరుపు, తెలుపు చారలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, నేను కొన్నది అందుకు కాదు. పేక (అడ్డు) పోగులు పడుగును (నిలువు పోగులను) పూర్తిగా కప్పేసేంత బిగువుగా నేస్తారు. పైన నూగు ఉండదు కనుక మా ఎర్రమట్టి దుమ్ము లోపల దాక్కోదు, దులిపితే పోతుంది. ఒకవైపు మాసితే తిరగేసి పరుస్తాం. ఐదేళ్లలో కుచ్చులు అరిగాయి, నేత చెక్కుచెదరలేదు.

తప్పులు నావే. తడిగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడకుండానే నీళ్లలో ముంచాను. తెల్లచారలు కొన్నాళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. పైగా నున్నటి బండ మీద జంపఖానా జారుతుంది. అమ్మ ఒకసారి పడబోయింది. అడుగున వేసిన చౌక రబ్బరు జల్లెడ వేసవిలో కరిగి బండకు అంటుకుంది. చివరికి ఒక అంచు మీద బరువైన చెక్క బల్ల పెట్టాను, కదలడం మానేసింది.

ఏలూరు ఉన్ని తివాచీలు కూడా చూశాను. అందమైనవే, కానీ తలుపులు బార్లా తెరిచి, కుక్కను తిరగనిచ్చే ఇంటికి అంత నూగు మోయలేని బరువు.

ఇక గొంగడి. దక్కనీ గొర్రెల ఉన్ని, రంగు వేయని సహజమైన నలుపు. చింతగింజల గంజి పెట్టడం వల్ల కొత్తలో బిరుసుగా ఉండి అరికాళ్లకు గుచ్చుకుంటుంది. మొదటి మూడు నెలలూ రాలిన ఉన్ని ఊడ్చి ఊడ్చి విసుగెత్తింది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరితే ఎలా అని మా ఆవిడ నవ్వేది. తరువాత మెత్తబడింది. చలికాలం పొద్దున మంచం పక్కన దీనికి సాటి లేదు. నాన్నగారు మాత్రం ఒప్పుకోలేదు. "గొంగడి కప్పుకునేది, కూర్చునేది. చెప్పులతో తొక్కేది కాదు" అన్నారు. అందుకే ఆ గదిలోకి చెప్పులు రావు. ఒక వేసవిలో చుట్టి అటక మీద పెడితే పురుగు ఒక మూల కొరికేసింది. అప్పటి నుంచి ఎండబెట్టి, మడతల్లో ఎండు వేపాకు వేస్తున్నాను. వాడుకలో ఉన్నంతకాలం పురుగు జోలికి రాలేదు.

కొనేముందు వార్తాపత్రికలు పరిచి కొలత చూసుకోండి. మూడడుగుల వెడల్పు చాలనుకుని తెచ్చిన మొదటి తివాచీ మా హాల్లో జేబురుమాలులా కనిపించింది. రంగు విషయంలోనూ అంతే: దూలాలు గోధుమరంగు, తలుపులు గోధుమరంగు, కింద కూడా అదే రంగు పరిస్తే ఇల్లు ధాన్యపు కొట్టులా ఉంటుంది. బూడిదరంగు బండ మీద ఎరుపో నీలమో నిలుస్తుంది.

ఈసారి కొత్తవాడ వెళితే వరండాకు ముదురు నీలంలో పొడవైనది నేయించాలి. కొలతల కాగితం సంచిలోనే ఉంది.