1/48 ఆల్బట్రాస్ కిట్: పెట్టె మీది బొమ్మను నమ్మకండి

మొదటి ప్రపంచ యుద్ధపు జర్మన్ విమానం ఆల్బట్రాస్‌ను అసలు కొలతలో 48వ వంతుకు కుదించి, ప్లాస్టిక్ ముక్కలతో కట్టుకునే నమూనా కిట్ ఇది. ఈ పెట్టెలో ప్లాస్టిక్ బాగుంది, కాగితమే బాగాలేదు. అచ్చు పోసినవాళ్ళకి ఆల్బట్రాస్ విమానం తెలుసు. ఏ రంగు ఎక్కడ వేయాలో చూపే పటం గీసినవాళ్ళకి మాత్రం దాన్ని నడిపిన యాస్టా 2 దళం చరిత్ర తెలియదు. కొనాలా వద్దా అంటే కొనండి. కానీ పటాన్ని పక్కన పెట్టి, ముందు ఏ నెల విమానం కట్టాలో తేల్చుకోండి.

యాస్టా అంటే యాగ్డ్‌స్టాఫెల్, జర్మన్ వేట విమానాల దళం. 1916 ఆగస్టు 10న ఏర్పడిన రెండో దళానికి నాయకుడు ఒస్వాల్డ్ బోల్కె. ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మంచి వేడి మీదున్న రోజులవి. అంతకు నెల ముందే, జులై 14న, అదే రంగంలో హై వుడ్ దగ్గర హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం నుంచి వచ్చిన దక్కన్ హార్స్ దళం గుర్రాల మీద ఈటెలతో దాడి చేసింది. దళం బెర్టాంకూర్‌లో మొదలైనప్పుడు సరిపడా విమానాలే లేవు. సెప్టెంబర్ 16న ఐదు ఆల్బట్రాస్ డి-1లు, ఒక డి-2 వచ్చాయి. మర్నాడే బోల్కె కుర్రాళ్ళను గుంపుగా పైకి తీసుకెళ్ళాడు. తర్వాత రెడ్ బేరన్‌గా పేరుపడ్డ రిక్టోఫెన్ మొదటి విజయం ఆ రోజుదే. ఎదురుగా ఉన్న బ్రిటిష్ వేట విమానం డీహెచ్-2కి ఒకే లూయిస్ మెషిన్ గన్, అదీ డ్రమ్ము ఖాళీ అయినప్పుడల్లా మార్చుకోవాలి. ఆల్బట్రాస్‌కి బెల్టుతో నడిచే మెషిన్ గన్లు రెండు, 160 హార్స్‌పవర్ మెర్సిడెస్ ఇంజన్.

కిట్‌లో డి-1, డి-2 రెండింటికీ విడిభాగాలు ఇచ్చారు. దీని అసలు విలువ అక్కడే ఉంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చరిత్రంతా ఆ తేడాలోనే ఉంది. డి-1లో పై రెక్కను మోసే కమ్మీలు తిరగేసిన వి ఆకారంలో సరిగ్గా పైలట్ కళ్ళ ముందు నిలబడతాయి. ఎదుటి విమానం వాటి వెనక దాక్కుంటుంది. డి-2లో పై రెక్కను కిందికి దించి, కమ్మీలను ఎన్ ఆకారంలో పక్కలకు వంచారు. ఈ రెండు జతలూ ఒకే స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద పక్కపక్కనే ఉన్నాయి, నంబర్లు చూడకుండా కోస్తే తప్పకుండా తారుమారవుతాయి. రేడియేటర్లూ రెండు రకాలు ఇచ్చారు. మొదట్లో అవి చెవుల్లా బాడీకి ఇరువైపులా ఉండేవి, అంత కిందుగా ఉన్నచోట ఒక్క తూటా తగిలితే ఇంజన్ నీళ్ళన్నీ కారిపోయేవి. అందుకే తర్వాతి డి-2లలో పై రెక్కలోకి మార్చారు. మీరు కట్టే విమానం ఫొటోలో ఏది ఉందో చూసి అదే అతికించండి. చెవుల రకమైతే పై రెక్కలో రేడియేటర్ కోసం వదిలిన గుంటను పుట్టీతో పూడ్చాలి. పటంలో ఈ ముక్క చెప్పలేదు.

ఇక తప్పుల సంగతి. రంగుల పథకాలు మూడు ఇచ్చారు. మొదటిది ఇదే దళంలోని పైలట్ బ్యూట్నర్ డి-1, బాడీ మీద అతని పేరులోని మొదటి రెండక్షరాలు. ఇది సరైనదే. ఆ విమానం 1916 నవంబర్‌లో బ్రిటిష్‌వాళ్ళ చేతికి చిక్కింది కాబట్టి మంచి ఫొటోలున్నాయి. రెండోది ఎర్ర ముక్కుతో రిక్టోఫెన్ డి-2. అతని ఎరుపు 1917 జనవరిలో యాస్టా 11 పగ్గాలు తీసుకున్నాక మొదలైంది. 1916 నవంబర్ 23న బ్రిటిష్ పైలట్ లానో హాకర్‌ను కూల్చినప్పటి విమానం కావాలంటే ఎరుపు జోలికి పోకండి. మూడోది మరీ దారుణం: బోల్కె డి-2కి సగం నలుపు సగం తెలుపు తోక. ఆ తోక 1918లో ఇదే దళం నడిపిన ఫోకర్ ట్రైప్లేన్లది. అప్పటికి బోల్కె పోయి ఏడాది దాటింది. తోక డెకాల్‌ను (తడిపి అంటించే అచ్చు బొమ్మ) దాచిపెట్టుకోండి, ట్రైప్లేన్ కిట్‌కి పనికొస్తుంది. పెట్టె పక్కన "యాస్టా బోల్కె, అక్టోబర్ 1916" అని కూడా అచ్చు వేశారు. ఆ పేరు డిసెంబర్ 17న గాని రాలేదు.

శిలువలు మాత్రం సరిగ్గానే ఇచ్చారు: చివరలు వెడల్పైన పాత ఇనుప శిలువలు. తిన్నని గీతల శిలువ 1918 వసంతంలో వచ్చింది.

బాడీ ప్లైవుడ్ కాబట్టి పని ఎక్కువ తీసుకునేది అదే. ముందు లేత గోధుమరంగు యాక్రిలిక్ పూసి ఒక రోజు ఆరనివ్వండి. దాని మీద బర్న్‌ట్ సియెన్నా ఆయిల్ పెయింట్ బియ్యపుగింజంత తీసుకుని, గట్టి వెంట్రుకల పొడి బ్రష్‌తో ముక్కు నుంచి తోక వైపు లాగండి. బాడీ మొత్తం ఒకే లాగులో లాగితే ఒకే చెట్టు మొద్దులా కనిపిస్తుంది. అసలు విమానంలో ప్లై పలకలు విడివిడిగా ఉంటాయి. కాబట్టి ఒక పలక వదిలి ఒక పలకకు మాస్కింగ్ టేపు వేసి రెండు విడతల్లో చేయాలి. మధ్యలో కనీసం రెండు రోజులు ఆగాలి, లేకపోతే టేపుతోపాటు ఆయిల్ రంగూ లేచొస్తుంది. చివర పారదర్శక పసుపు పలచగా ఒక పూత. విశాఖ, కాకినాడల్లో వానాకాలంలో లాకర్ వార్నిష్ కొడితే తేమకు పాలలా తెల్లబడుతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం దాకా ఆగడం మేలు.

ప్రొపెల్లర్‌కి ఇచ్చిన చిన్న డెకాల్స్‌లో ఒకదాని మీద గరుడ అని ఉంటుంది. అది ఎవరో సరదాకి పెట్టింది కాదు. బెర్లిన్‌లో ఆ పేరుతోనే ప్రొపెల్లర్లు చేసిన కంపెనీ ఉండేది. అక్షరాలు ఆవగింజంత లేవు, భూతద్దం లేకుండా అతికిస్తే తలకిందులు చేయడం ఖాయం.

అమరికలో ఇబ్బంది రెండు చోట్ల. ఇంజన్ కింది దిమ్మెలు అర మిల్లీమీటరు ఎత్తు ఎక్కువ, అలాగే అతికిస్తే ముక్కు పక్కరేకులు మూసుకోవు. అతికించకముందే వాటిని అరగదీయండి. రెండోది పై రెక్క. అన్ని కమ్మీలూ ఒకేసారి పెట్టాలని చూస్తే చేతులు చాలవు. బయటి నిలువు కమ్మీలు నాలుగూ కింది రెక్కకు అతికించి, అట్టముక్కతో కోణం సరిచూసి, పూర్తిగా ఆరాక రెక్క దింపి, మధ్య కమ్మీలు చివర్లో తొడగాలి. బయటి కమ్మీలు జతజతగా సమాంతరంగా ఉండాలి. కింద ఒకే బిందువులో కలిసే వి కమ్మీలు 1917 నాటి డి-3వి. ఆ డి-3కి కింది రెక్క సన్నబడి, డైవ్‌లో మెలిపడి చీలేది.

రిగ్గింగ్‌కి, అంటే రెక్కల మధ్య బిగించే తీగలకి, దారం పెట్టెలో లేదు. అసలు తీగ 4 మిల్లీమీటర్లు అనుకుంటే ఈ కొలతలో 0.08 అవుతుంది. చేపల గాలానికి వాడే నైలాన్ చాలా లావు, పైగా బిగిస్తే రెక్క వంగిపోతుంది. సాగే సన్న దారం తెప్పించుకోండి. రెక్క అతికించక ముందే 0.3 డ్రిల్‌తో రంధ్రాలు వేసి, దారం పై కొసను సూపర్ గ్లూతో బిగించేయాలి. కింది కొసలు ఆఖర్న లాగాలి.

సీటు బెల్టులు రాగి రేకులో విడిగా ఇచ్చారు. మంట మీద ఒక్క క్షణం చూపిస్తే మెత్తబడి సీటు మీద బట్టలా వాలతాయి. 1916 అక్టోబర్ 28న బాపోమ్ దగ్గర డీహెచ్-2ల వెంటపడినప్పుడు బోల్కె దళంలోనే ఉన్న ఎర్విన్ బోమె విమానం చక్రాలు బోల్కె విమానం పై రెక్కకు రాసుకున్నాయి. బోల్కె విమానం నేలదాకా కాస్త అదుపులోనే దిగింది. కానీ అతను బెల్టు బిగించుకోలేదు, తలకు హెల్మెట్ లేదు, బతకలేదు. అప్పటికి 40 విజయాలు, వయసు 25. బోల్కె విమానమే కడుతుంటే బెల్టులను బకిల్ పెట్టకుండా సీటుకి ఇరువైపులా వదిలేయండి.